వలస బిడ్డల చదువును క్రొత్త పరికరములును

మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారియు మన ప్రాంతమునకు రెండు కన్నులవంటివి. ఈ బాటల కిరుప్రక్కల నున్న గ్రామములు కొన్ని దశాబ్దముల క్రిందట ద్రాక్షతోటలకును, కూరగాయల మళ్లకును, చెరువు క్రింది వరి సేద్యమునకును పేరుపడి యుండెను. నేడచ్చట కర్మాగారములు, గిడ్డంగులు, కోళ్లఫారములు, ఇటుక బట్టీలు, ఎత్తైన మేడలు కానవచ్చుచున్నవి. తుర్కపల్లి చెంత జీనోమ్ వ్యాలీలో మందులను, టీకాలను తయారుచేయు సంస్థలు వెలసినవి. 2021లో దేశమంతట వేయబడిన కోవాగ్జిన్ టీకా పుట్టినది అచ్చటనే. శామీర్‌పేటలో న్యాయశాస్త్రము బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము కలదు. సమీపముననే 2008లో నెలకొన్న బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణము కలదు. ఇంత విద్యయు, ఇంత విజ్ఞానమును ఒక్కచోట పోగైన ప్రదేశములు మన రాష్ట్రమున తఱచుగా లేవు.

అయితే ఈ మేడలకు ఇటుక కాల్చిన వారెవరు? కర్మాగారములలో బరువు లెత్తువా రెవరు? కోళ్లకు మేత వేయువా రెవరు? వారిలో పలువురు ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వారి వెంట వారి బిడ్డలును వచ్చిరి. ఆ బిడ్డలలో కొందఱు మన బల్లలమీద మన బిడ్డల ప్రక్కనే కూర్చుండి యున్నారు. పెక్కుమంది ఏ బల్లమీదను లేరు. వారి చదువునుగూర్చియు, ఈ దినములలో చదువునకు ప్రాణమువలె నైన సెల్‌ఫోను, కంప్యూటరు మొదలగు పరికరములనుగూర్చియు, ఉపాధ్యాయ వృత్తిలో నుండి మేము కన్నదానిని నాలుగు మాటలలో విన్నవింపగోరుచున్నాము.

పూర్వము మన వీధిబడులలో పంతులుగారు బిడ్డలచేత ఇసుకలో ఓనమాలు దిద్దించెడివారు. ఇసుకకు వెల లేదు. కలవారి బిడ్డ దిద్దినను, లేనివారి బిడ్డ దిద్దినను ఆ యిసుకయే. కాని ఆ యిసుక చెంతకే రానీయబడని బిడ్డలు ఊరి వెలుపల అనేకులుండిరి. కావున ఉపకరణము చౌకయైనంత మాత్రమున చదువు అందఱి సొత్తు కాదు. తలుపు తెఱచువారు కూడ నుండవలెను. ఇసుక పోయి పలక వచ్చెను. తాటాకు పోయి అచ్చుపుస్తకము వచ్చెను. నేడు సెల్‌ఫోను వచ్చినది. ఏ ఉపకరణము వచ్చినను ఉపాధ్యాయుడు దానిని రెండు ప్రశ్న లడుగవలెను. నీ వెల యెంత? నీ తలుపు ఎవరికి తెఱచియున్నది?

మన ప్రాంతమునకు వచ్చు వలసవారు రెండు తెగలుగా నున్నారు. కర్మాగారములలోను, కట్టడముల పనులలోను కుదిరినవారు ఒక గది అద్దెకు తీసికొని ఏండ్ల తరబడి ఇచ్చటనే యుందురు. ఇటుక బట్టీలకు వచ్చువారి సంగతి వేఱు. వారిలో పెక్కుమంది ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాలవారు. భాద్రపదమున వారి క్రొత్త పంట పండుగయైన నువాఖాయీ గడచిన పిమ్మట సర్దారు ఇంటింటికి వచ్చి ముందు సొమ్ము ఇచ్చును. ఆ సొమ్ము తీర్చుటకై కుటుంబమంతయు కదలి కార్తీక మార్గశిరముల నాటికి ఇచ్చటికి చేరును. వానలు పడుటకు ముందు మరలి పోవును. కూలి వేయి ఇటుకలకు ఇంత యని లెక్క. కావున చిన్న చేతులు కూడ పచ్చి ఇటుకలను తిరుగవేసి యెండబెట్టుటకు పనికివచ్చును. భార్యాభర్తలును, ఒకరిద్దఱు బిడ్డలును కలిసిన జట్టునకు వారి భాషలో పథురియా యని పేరే కలదు. జట్టు పేరులోనే బిడ్డ చేరియున్నాడు. బడి పట్టికలో మాత్రము చేరలేదు.

మన బడులు జూను నెలలో తెఱచి ఏప్రిలులో మూయుదుము. బట్టీ బిడ్డ వచ్చునప్పటికి సగము పాఠములు గడచిపోవును. వాడు స్వగ్రామమునకు మరలునప్పటికి అచ్చటి బడిలో వాని పేరు ఆరు నెలల గైరుహాజరు క్రింద నుండును. రెండు బడులు కలిగియు బడి లేనివాడగుట అనగా నిదియే. యునెస్కో వారి 2019వ సంవత్సరపు ప్రపంచ విద్యా నివేదికలో, మన దేశమున 2013 నాటికి కాలానుగుణముగా వలసపోవు పనివారు గల గ్రామీణ కుటుంబములలో 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలు 1 కోటి 7 లక్షల మంది కలరని చెప్పబడినది. అట్టి కుటుంబములలోని 15 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 28 మంది నిరక్షరాస్యులో, ప్రాథమిక విద్య ముగింపనివారో అయియుండగా, ఆ వయసువారి మొత్తములో ఆ సంఖ్య నూటికి 18 మాత్రమే. ఈ పది వంతుల యెడము సెల్‌ఫోను పాఠములు రాకమునుపటిది. పరికరములు వచ్చిన పిదప ఆ యెడము తగ్గినదా, పెరిగినదా యనునదియే మా ప్రశ్న.

ఆ ప్రశ్నకు మన కండ్లయెదుట జవాబు దొరికినది 2020లో. ఆ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణమున బడులు మూయబడెను, పనులును నిలిచెను. మండుటెండలో నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో ఉత్తరదేశపు కూలీలు మన మేడ్చల్ రహదారి వెంబడి నడచిపోవుట ఈ చదువరులలో పలువురు చూచియే యుందురు. మే 1వ తేదీన మన లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు దాదాపు 1200 మందితో తొలి శ్రామిక రైలు బయలుదేరెను. వెడలిపోయినవారిలో మన బడుల బిడ్డలును ఉండిరి. సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠములు ప్రసారము చేయ మొదలిడిరి. ఉపాధ్యాయులమైన మేము సెల్‌ఫోన్లలో ప్రశ్నలు పంపుచు, జవాబులు దిద్దుచుంటిమి. ఎన్నో కష్టములలో చేయబడిన మంచి ప్రయత్నమది. కాని ఆ ప్రయత్నము ఎవరి యింటి గడప దాటగలిగినదో చూడవలెను.

ఆ యేడు 4వ తరగతి ముగించిన యిద్దఱు బిడ్డల సంగతి చెప్పుదుము. ఒకడు మేడ్చల్‌లో చిన్న కిరాణా దుకాణము నడుపువారి కుమారుడు. రెండవది బీహారునుండి వచ్చి ఒక కర్మాగారమున పనిచేయుచుండినవాని కుమార్తె. గణితమున ఇద్దఱును సరిసమానులు; తెలుగు చదువుటలో ఆ బాలిక ఒక మెట్టు క్రిందనున్నను, త్వరలోనే అందుకొనునని మేము తలచియుంటిమి. బడి మూసిన పిదప ఆ బాలునికి తండ్రి పాత ఫోను దొరికెను. ఇంజినీరింగు చదువుచున్న మేనమామ ప్రతి సాయంకాలము ప్రక్కన కూర్చుండి లెక్కలు చేయించెను. ఆ బాలిక తండ్రికి పని పోయెను. ఇంటికి ఒక్కటే ఫోను. దానిని అమ్మి ప్రయాణపు ఖర్చులకు పెట్టుకొనిరి. 2021 సెప్టెంబరులో బడులు మరల తెఱచినప్పుడు ఆ బాలుడు 6వ తరగతి పాఠము తడుముకొనక చదివెను. అదే సంవత్సరము చివర తిరిగివచ్చిన ఆ బాలిక తెలుగు అక్షరములను గుర్తుపట్టుటకే తడబడెను. పదునెనిమిది నెలలలో ఇద్దఱి బుద్ధులు మాఱలేదు. ఒకరికి ఫోనును, మేనమామయు, తెలిసిన భాషయు ఉండెను. ఒకరికి ఈ మూడింటిలో ఒక్కటియు లేకపోయెను.

ఇక్కడ మన ప్రాంతపు తల్లిదండ్రు లొక మాట అందురు. అది వినదగిన మాటయే. “అయ్యా, మా బిడ్డలకు మాత్రము అన్నియు ఉన్నవా? మా యింట ముగ్గురు బిడ్డలకు ఒక్క ఫోను; అదియు మా మగవానితో పొలమునకు పోవును” అని ఒక తల్లి మాతో చెప్పెను. ఆమె మాట నిజము. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారము దేశమున గ్రామీణ గృహములలో నూటికి 4.4 ఇండ్లలోనే కంప్యూటరు ఉండెను, 14.9 ఇండ్లకే ఇంటర్నెట్టు అందుబాటులో నుండెను. పట్టణములలో సైతము ఆ సంఖ్యలు 23.4, 42 మాత్రమే. కనుక స్థానికులందఱును కలవారు, వలసవా రందఱును లేనివారు అనుట సత్యము కాదు. అయినను ఇద్దఱి లేమికిని భేద మున్నది. స్థానిక బాలునికి ఫోను లేకున్న పొరుగింటికి పోవును. పెద్దమ్మనో, బాబాయినో అడుగును. బడికి వచ్చి మమ్ములను పలుకరించును. వలస బిడ్డకు పొరుగు లేదు, చుట్టము లేదు, అడుగుటకు భాష లేదు.

భాష విషయమును కొంచెము వివరింతుము. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో, తెలిసినదానినుండి తెలియనిదానికి బిడ్డను నడిపింపవలెనని గురువులు మఱిమఱి చెప్పెడివారు. టీవీలో వచ్చిన పాఠములు చాల భాగము తెలుగున సాగెను. 2022-23నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలల పుస్తకములు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా అచ్చగుచున్నవి. తెలుగు బిడ్డకు అది గొప్ప మేలు. తెలియని పుటనుండి తెలిసిన పుటకు కన్ను త్రిప్పుకొనవచ్చును. భోజ్‌పురియో, ఒడియాయో మాటలాడు బిడ్డకు రెండు పుటలును తెలియనివే. 2018లో చేయబడిన చట్టముచేత అన్ని బడులలో తెలుగు తప్పనిసరి యైనది. ఈ గడ్డమీద బ్రతుకువారికి ఈ గడ్డ భాష రావలెననుట మాకును సమ్మతమే. అయితే నేర్పవలసినది ఉపాధ్యాయుడు. ఫోను తెరమీద వేగముగా పరుగెత్తు పాఠము ఆగి, బిడ్డ ముఖము చూచి, “అర్థమైనదా?” అని అడుగదు.

మఱియొక చిక్కు పట్టికలలో నున్నది. 2022-23నుండి యుడైస్ ప్లస్ అను జాతీయ పద్ధతిలో ప్రతి విద్యార్థి పేరును విడివిడిగా నమోదు చేయబడుచున్నది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క శాశ్వత సంఖ్య. ఊరు మాఱిన బిడ్డ జాడ తప్పిపోకుండుటకు ఇది తోడ్పడవలెను. కాని మా యనుభవమున, ఆధార్ కార్డులో ఒక విధముగను, పాత బడిలో నింకొక విధముగను పేరు వ్రాయబడియుండిన బిడ్డ దగ్గఱ పని నిలిచిపోవును. ఓటీపీ వచ్చు ఫోను నంబరు ఎప్పుడో మూసిపోయియుండును. రీఛార్జి చేయలేక తండ్రి క్రొత్త సిమ్ము కొనియుండును. పాత బడినుండి విడుదల లేక, క్రొత్త బడిలో ప్రవేశము లేక బిడ్డ నడుమ వ్రేలాడుచుండును. ఈ సందర్భమున తల్లిదండ్రు లొక సంగతి తప్పక తెలిసికొనవలెను. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము బిడ్డను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. 5వ సెక్షను ప్రకారము బదిలీ పత్రము ఆలస్యమైనదను కారణమున ప్రవేశము నిరాకరింపరాదు. 14వ సెక్షను ప్రకారము వయసు ధ్రువపత్రము లేదని త్రిప్పి పంపరాదు. యంత్రము ఆగినను చట్టము ఆగలేదు. ముందు బిడ్డను లోపల కూర్చుండబెట్టి, పిమ్మట యంత్రముతో తంటాలు పడుట మా పద్ధతి.

ఇంత చెప్పి, పరికరములే కీడని మేము చెప్పుచున్నామని యెవరును తలపవలదు. వాని మేలును మేము కన్నులార చూచితిమి. శామీర్‌పేట వైపు ఒక బట్టీ దగ్గఱ ఆదివారపు సాయంకాలములందు కొందఱు బిడ్డలకు చదువు చెప్ప మొదలిడినప్పుడు మాకు ఒడియా రాదు. వారికి తెలుగు రాదు. పలక చూపిన తల వంచుకొని కూర్చుండెడివారు. అప్పుడు మాతోనున్న యువ ఉపాధ్యాయిని యొకతె, కేంద్ర ప్రభుత్వమువారు 2017లో ప్రారంభించిన దీక్షా వేదికనుండి ఒడియా వాచకము నొకదానిని తన ఫోనులో తెఱచి ఎదుట పెట్టెను. తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు తల యెత్తి చూచెను. తన యూరి బడిలో చదివిన పుటయే అది! వ్రేలితో అక్షరములను అనుసరించుచు గట్టిగా చదువ మొదలిడెను. తక్కిన బిడ్డలు వాని చుట్టును మూగిరి. ఇటుకలు పేర్చుచున్న తల్లి పని ఆపి ఆలకించెను. నాటినుండి వాడు మాకు ఒడియా అక్షరములు నేర్పును. మేము వానికి తెలుగు అక్షరములు నేర్పుదుము. ఆ ఫోనే లేకున్న వానికి చదువు వచ్చునని మాకు తెలిసెడిది కాదు. గమనింపుడు: ఫోను పాఠము చెప్పలేదు, వాని భాషను వాని చేతి కిచ్చెను. పరికరమును అడిగిన రెండవ ప్రశ్నకు ఆ సాయంకాలము మంచి జవాబు వచ్చెను.

యునెస్కో వారు 2023లో విద్యయందలి సాంకేతికతనుగూర్చి వెలువరించిన నివేదిక కూడ ఈ పరికరములు ఎవరి షరతులమీద పనిచేయుచున్నవని ప్రశ్నించినది. బట్టీలోని బిడ్డ షరతు లేమి? తన భాషలో నొక పుట, సాయంకాలము రెండు గంటల కరెంటు, పనికి పోనక్కఱలేని ఒక పూట. ఇవి పెద్ద కోరికలు కావు.

బీహారు బాలిక కథ ఇంకను మిగిలియున్నది. ఆమె తిరిగివచ్చిన పిదప రెండేండ్లు ప్రతిదినము బడి విడిచిన తరువాత ఒక గంట తెలుగు చదివెను. ఇప్పు డామె 10వ తరగతి. గణితమున మరల తరగతిలో ముందు నిలిచినది. ఇట్టి సమయమున తండ్రికి పూణెలో మెఱుగైన పని దొరకినది. కుటుంబమంతయు కదలవలెనని నిశ్చయించుకొని ఆయన మా యొద్దకు వచ్చెను. “మాస్టర్‌జీ, నా పని యెక్కడనో నా యిల్లు అక్కడనే. రెండు చోట్ల అద్దె కట్టుటకు నాకు శక్తి లేదు” అనెను. మేము కోపగింపలేదు, ఆయన చెప్పినది లెక్క. ఇచ్చటనుండి పోయినచో అక్కడి పరీక్ష వేఱు, భాష వేఱు, పుస్తకములు వేఱు. పదేండ్ల శ్రమ నడిదారిని నిలిచిపోవునని మాత్రము చెప్పితిమి. ఆ బాలిక గోడ నానుకొని నిలిచి ఒక్క మాటయు పలుకలేదు. మూడు దినముల తరువాత ఆమె తల్లి వచ్చి, భర్త ఒంటరిగా పూణెకు పోవుననియు, తాను పిల్లలతో పరీక్షలు ముగియువఱకు ఇచ్చటనే యుందుననియు చెప్పెను. ఒక కూలి కుటుంబమునకు రెండద్దెలు! ఆ బాలిక పదవ తరగతి వెల యెంతయో ఆ తల్లికి తెలియును.

తండ్రితో కూడ ఇంటి ఫోనును పూణెకు పోయినది. మఱునాటినుండి వాట్సాప్‌లో మేము పంపు ప్రశ్నపత్రములు ఆ యింటికి చేరుట మానెను. ఈ సంగతి తెలిసిన పిమ్మట మా ఉపాధ్యాయులందఱును కూడి ఒక కట్టుబాటు చేసికొంటిమి. ఫోనులో పంపు ప్రతి పాఠమును, ప్రతి ప్రకటనయు అదే దినమున కాగితముమీద వ్రాసి వరండాలోని బల్లపై అంటింపబడవలెను. ఫోనులో మాత్రమే చెప్పిన దేదియు చెప్పినట్లు కాదు. బడి విడిచిన తరువాత ఒకటిన్నర గంట కంప్యూటరు గది తెఱచియుండవలెను. ఇంటిలో ఫోను లేని బిడ్డకు అందు మొదటి వంతు. ఆ బిడ్డ స్థానికుడా, వలసవాడా యని అడుగవలదు; ఇంట ఫోను కలదా యని మాత్రమే అడుగవలెను. ఈ నియమము వలన మొదట లాభము పొందినవారిలో ముగ్గురు ఉన్న ఫోను తండ్రివెంట పొలమునకు పోవు ఆ తెలుగు తల్లి బిడ్డలును ఉన్నారు. వలస బిడ్డకొఱకు తెఱచిన తలుపున మన బిడ్డలును ప్రవేశించిరి.

కావున ప్రియ విద్యార్థులారా! మీ ప్రక్క బల్లమీది బిడ్డ తెలుగు పలికినప్పుడు నవ్వవలదు. వాడు మూడవ భాషలో మాటలాడుచున్నాడు, మనలో నెందఱము మూడు భాషలలో మాటలాడగలము? మీకు ఫోనులో వచ్చిన పాఠమును ఒక కాగితముమీద వ్రాసి వాని కిండు. వ్రాసినచో మీకును జ్ఞప్తి యుండును. తల్లిదండ్రులారా! మీ యిండ్లలో మూలబడిన పాత ఫోను పనిచేయుచున్నచో బడికి పంపుడు. మీ వీధిలో, మీ కట్టడములో, మీ పొలము ప్రక్కని బట్టీలో బడి యీడు బిడ్డ పగటివేళ కనబడినచో మాకు కబురు చేయుడు. సహోపాధ్యాయులారా! ఏప్రిలు నెలలో బట్టీ బిడ్డలు మరలిపోవుటకు ముందే వారి చేతిలో వారు చదివిన దినముల లెక్కయు, నేర్చిన పాఠముల జాబితాయు వ్రాసి పెట్టుడు. అచ్చటి ఉపాధ్యాయుడు దానిని చదివి, మనము ఆపిన చోటనుండి మొదలుపెట్టును.

ఒడియా వాచకమును చదివిన ఆ పిల్లవాడు వానలకు ముందు తన యూరికి పోవును. మరల కార్తీకమున వచ్చునో, సర్దారు వానిని మఱియొక బట్టీకి పంపునో మేము చెప్పజాలము. వాని పేరు మాత్రము మా హాజరు పట్టికలో పెన్సిలుతో గాక సిరాతో వ్రాసియుంచితిమి.